దమ్ము చక్రం: గుణదోష విచారణ

పూతరేకుల వల్ల ఆత్రేయపురం పేరు దేశమంతటా తెలిసినది. 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. కాగితంకన్న పలుచని ఆ రేకు బియ్యపు పిండినుండి వస్తున్నది. ఆ బియ్యం బురదనుండి వస్తున్నది. రేకును గురించి వ్రాసినవారు చాలమంది ఉన్నారు. బురదను గురించి వ్రాసినవారు తక్కువ. ఆ బురదలో తిరిగే యంత్రాన్ని పరీక్షించి, దాని మంచిచెడ్డలు తేల్చినవారు మరీ తక్కువ.

బొబ్బర్లంక దగ్గర మొదలై, లొల్ల లాకుల గుండా సాగే మధ్యడెల్టా కాలువ నీరు చేలల్లోకి వచ్చిన తరువాత సార్వా పనులు ప్రారంభమవుతాయి. నీరు పెట్టిన చేనును మోకాలిలోతు వరకు కలియదున్ని, మట్టిని గంజివలె చేయడమే దమ్ము. పూర్వం ఈ పని ఎడ్లు, దున్నపోతులు చేసేవి. ఇప్పుడు ట్రాక్టరు చేస్తున్నది. కాని కంపెనీనుండి వచ్చిన ట్రాక్టరు వచ్చినట్లుగా దమ్ములోకి దిగలేదు. దానికి ఇనుప చక్రాలు తొడగాలి. రబ్బరు చక్రాన్ని పూర్తిగా తీసివేసి దాని స్థానంలో పెట్టేది ఫుల్ కేజీ. రబ్బరు చక్రానికి బయటివైపు బోల్టులతో బిగించేది హాఫ్ కేజీ. రెండింటినీ కలిపి రైతులు దమ్ము చక్రాలంటారు. ఇనుప కట్లు, అడ్డుబద్దలు, ఆకులు కోసి అతికి వీటిని తయారుచేసేది పెద్ద కర్మాగారాలు మాత్రమే కాదు, రోడ్డు ప్రక్కన రేకుల షెడ్డులో ఉండే వెల్డింగు షాపులు కూడ.

బురదకోసమే ప్రత్యేకించి బండి తయారుచేసుకోవాలన్న కోరిక ఇటీవల యువకులలో కనబడుతున్నది. పాత జీపు కొని, ఇంటి షెడ్డులోనే దాని చట్రం ఎత్తుచేసి, పెద్ద టైర్లు తొడిగి, గుంటలలో పందెం వేసే వినోదం విదేశాలలో చాల కాలంగా ఉన్నది. ఆ వినోదాన్ని తప్పుపట్టనక్కరలేదు. అయితే అట్టి యువకుడు దూరదేశపు బొమ్మలు చూసి నమూనా ఎంచుకునే ముందు, తన ఊరి చేలో ఏటా వందల గంటలు బురదలో పనిచేస్తున్న యంత్రాన్ని ఒకసారి నిదానించి చూడటం లాభం. అందులో అనుభవంతో సాధించిన గొప్ప సుగుణం ఒకటి ఉన్నది. ఏళ్ళు గడిచినా దిద్దుకోని లోపాలు మూడు ఉన్నాయి.

ముందుగా ఒక పాఠాన్ని సరిచేసుకోవాలి. ఘర్షణ బలం తాకిడి తలాల వైశాల్యంపై ఆధారపడదని, తలాలను నొక్కే బలానికి అనులోమానుపాతంలో ఉంటుందని ఉన్నత పాఠశాలలో చెబుతారు. చెక్కదిమ్మను బల్లమీద పడుకోబెట్టి లాగినా, నిలబెట్టి లాగినా కమానుత్రాసు ఒకే కొలత చూపుతుంది. ఇది నిజమే. కాని డెల్టా పిల్లవాడు ఈ పాఠం విని, సాయంత్రం చేనుగట్టుమీద నిలబడి దమ్ము చూస్తే అతనికి అనుమానం రాక తప్పదు. వైశాల్యంతో పని లేకపోతే అంత వెడల్పు చక్రం ఎందుకు? బరువే పట్టునిస్తే, బండిమీద నాలుగు బస్తాలు వేసుకొని దిగవచ్చు కదా? పాఠ్యపుస్తకం ఈ ప్రశ్నకు జవాబివ్వదు. పుస్తకం చెప్పిన సూత్రం ఎక్కడివరకు చెల్లుతుందో ఆ పుస్తకమే చెప్పకపోవడం పెద్ద కొరత.

జవాబు చెప్పినవాడు విద్యార్థులకు తెలియనివాడు కాదు. విద్యుదావేశాల సూత్రం దగ్గర పేరు వినబడే కూలుంబే ఆయన. కూలుంబు సైన్యంలో ఇంజనీరుగా కోటలు, గోడలు కట్టించినవాడు. గోడ వెనుక మట్టి ఎప్పుడు జారిపడుతుందనే ప్రశ్న ఆయనకు పుస్తకాలలోది కాదు, పనిలో ఎదురైనది. 1773లో పారిస్ విజ్ఞాన అకాడమీకి సమర్పించిన వ్యాసంలో ఆయన మట్టి బలాన్ని రెండు భాగాలుగా విడదీశాడు. మట్టి పొర మరొక పొరమీద జారకుండా అడ్డుపడేది కొంత ఘర్షణ, కొంత సంసంజనం. ఘర్షణ భాగం మీద పడే బరువుతో పెరుగుతుంది. సంసంజన భాగానికి, అనగా మట్టి కణాలు ఒకదానినొకటి అంటిపెట్టుకొని ఉండే బలానికి, బరువుతో సంబంధం లేదు. ఎంత వైశాల్యం జారవలసి ఉన్నదో దానిమీద మాత్రమే అది ఆధారపడుతుంది. పొడి ఇసుకలో సంసంజనం దాదాపు శూన్యం, అంతా ఘర్షణే. నీటితో నిండిన జిగట మట్టిలో కథ తలక్రిందులవుతుంది: ఘర్షణ దాదాపు మాయమై సంసంజనమే మిగులుతుంది. కణాల మధ్య చిక్కుకున్న నీరు త్వరగా బయటికి పోలేక పైబరువును తానే మోస్తుంది. కణాలు ఒకదానినొకటి గట్టిగా నొక్కుకొనే అవకాశమే రాదు.

ఈ సూత్రాన్ని బండ్ల చక్రాలకు అన్వయించడానికి చాల కాలం పట్టినది. రెండవ ప్రపంచయుద్ధంలో ట్యాంకులు బురదలో దిగబడిపోతుంటే 1944లో ఇంగ్లండులో మికిల్‌త్వైట్ అనే శాస్త్రజ్ఞుడు ఆ పని చేశాడు. పోలండు దేశస్థుడైన బెకర్ దానిని పెంచి 1956లో పెద్ద గ్రంథంగా ప్రకటించాడు. అదే బెకర్ తరువాత చంద్రునిమీద నడిచే బండి రూపకల్పనలో కూడ పాల్గొన్నాడు. 1971లో అపోలో 15 యాత్రికులు నడిపిన ఆ బండికి ఉక్కు తీగలతో అల్లిన చక్రాలు ఉండేవి. చూపుకు అవి మన దమ్ము చక్రాలకు దూరపు చుట్టాలవలె ఉంటాయి, కాని అక్కడి నేల పొడి ధూళి, ఇక్కడిది గంజి. రూపం కలిసినంతమాత్రాన పని కలిసినట్లు కాదు.

లెక్క ఒకటి వేసి చూస్తే విషయం తేటపడుతుంది. ట్రాక్టరు మొత్తం బరువు 20,000 న్యూటన్లనీ, అందులో 13,000 వెనుక చక్రాలమీద పడుతున్నదనీ అనుకోవచ్చు. బురదలో ఘర్షణ గుణకం 0.09, సంసంజనం చదరపు మీటరుకు 8,000 న్యూటన్లు, వెనుక టైర్లు రెండూ పట్టుకున్న వైశాల్యం 0.3 చదరపు మీటర్లు. ఇవి ఉదాహరణకు తీసుకున్న అంకెలు, చేనునుబట్టి మారుతాయి. అప్పుడు చక్రాలకు దొరికే పట్టు ఘర్షణనుండి 1,170, సంసంజనంనుండి 2,400, మొత్తం 3,570 న్యూటన్లు. బురదను త్రొక్కుకుంటూ ముందుకు పోవడానికి బండి బరువులో అయిదవ వంతు బలం ఖర్చయితే కావలసినది 4,000. పట్టు 430 తక్కువైనది, బండి దిగబడినది.

ఇప్పుడు తారురోడ్డు అలవాటు ప్రకారం మరో 2,000 న్యూటన్ల బరువు వెనుక వేస్తే ఏమవుతుంది? పట్టు 180 పెరుగుతుంది. అడ్డంకి 400 పెరుగుతుంది. లోటు 430నుండి 650కి చేరుతుంది. బరువు వేసినకొద్దీ బండి కూరుకుపోవడానికి కారణం ఇదే. దానికి బదులు, రెండూ కలిపి 1,500 న్యూటన్ల బరువుండి, మరో 0.3 చదరపు మీటర్ల వైశాల్యాన్నిచ్చే ఇనుప చక్రాలు తొడిగితే పట్టు 6,105 అవుతుంది, అడ్డంకి 4,300. ఇంకా 1,800 పైచిలుకు న్యూటన్లు పనికి మిగులుతాయి. వెడల్పు పెరిగినందువల్ల బండి తక్కువ దిగబడుతుంది కాబట్టి అడ్డంకి నిజానికి ఇంకా తగ్గుతుంది. ఏ సూత్రమూ చదవని వెల్డింగు పనివాడు కట్టిన చక్రం కూలుంబు వ్యాసంతో సరిపోయినది. దీనిని మెచ్చుకోవలసినదే.

వెడల్పు ఒక్కటే చాలదని ఇతర డెల్టాలవారు కష్టపడి తెలుసుకున్నారు. కాలిఫోర్నియాలో శాన్ వాకీన్ నది డెల్టా నేలలు కుళ్ళిన ఆకుమట్టితో మెత్తగా ఉండేవి. అక్కడ బెంజమిన్ హోల్ట్ అనే యంత్రనిర్మాత ఆవిరి ట్రాక్టర్లు దిగబడుతుంటే చక్రాలను వెడల్పు చేసుకుంటూ పోయాడు. చివరకు సుమారు 46 అడుగుల వెడల్పున్న రాక్షసి ఒకటి తయారైనది. దానిని మలుపు త్రిప్పడమే గగనమైనది. హోల్ట్ చక్రాలను తీసివేసి, చెక్కబద్దల గొలుసుపట్టా తగిలించి 1904 నవంబరు 24న పరీక్షించాడు. ఈనాటి పట్టాల ట్రాక్టర్లకు అది మూలపురుషుడు. ఫ్లోరిడా రాష్ట్రంలో నేపుల్స్ అనే ఊరిలో గ్యారేజి నడిపిన ఎడ్ ఫ్రాంక్ వేరొక దారి తొక్కాడు. చిత్తడి అడవులలో వేటకు పోయేందుకు తన గ్యారేజిలోనే పాత సామానులు కూర్చి, ఎత్తైన పెద్ద టైర్ల బండి కట్టాడు. ఇంజను నీటికి అందనంత ఎత్తున ఉండటం అందులోని కీలకం. 1949 నుండి ఆ ఊరిలో ఇటువంటి బండ్లకు పందాలు కూడ జరుగుతూ వచ్చాయి. ఫిలిప్పీన్స్ రైతులు మూడవ దారి కనిపెట్టారు: చదునైన పడవ అడుగు మీద తేలుతూ, ముందున్న ఇనుప చక్రంతో బురదను చిలుకుతూ పోయే చిన్న యంత్రం. బరువు మోసే పని పడవది, లాగే పని చక్రానిది. తెలివైన ఏర్పాటు.

వీటి ప్రక్కన పెట్టి చూస్తే దమ్ము చక్రపు విశిష్టత దాని బోలుతనంలో ఉన్నది. జిగటమట్టి ఇనుముకు అంటుకుంటుంది, ఇది అసంజనం. రబ్బరు టైరు గాళ్ళమధ్య మట్టి నిండితే టైరు నున్నటి రోలువలె మారి ఊరకే తిరుగుతుంది. బోలు చక్రానికి వెనుక గోడ లేదు. అంటిన మట్టి లోపలివైపు జారిపోతుంది. ఆకులు మెత్తటి పొరను కోసుకొని క్రింద ఉన్న గట్టి పొరమీద ఆనుతాయి. దున్నపోతు గిట్ట చేసే పని కూడ ఇంచుమించు ఇదే: దిగేటప్పుడు గిట్ట రెండుగా విచ్చుకుంటుంది, పైకి తీసేటప్పుడు ముడుచుకుంటుంది. బురద పట్టిలాగదు.

ఇక లోపాలు. మొదటిది బరువు. "గట్టిగా ఉండాలి" అనే ఒకే మాట మీద, మందపు ఇనుము వాడటం షెడ్డులలో అలవాటు. పైలెక్క ప్రకారం పట్టునిచ్చేది వైశాల్యం. బరువు నష్టమే చేస్తున్నది. మంచి మూలబద్దలతో, తక్కువ ఇనుముతో అదే వైశాల్యం సాధించవచ్చును. హాఫ్ కేజీ చక్రానికి మరొక దోషం ఉన్నది. అది ఇరుసుకు దూరంగా బయటికి పొడుచుకొని ఉంటుంది. గట్టు ఎక్కేటప్పుడు బరువంతా బయటి ఇనుముమీద పడితే, ఇరుసు బేరింగుమీద ఆ బలం పెద్ద మీటతో నొక్కినట్లు పనిచేస్తుంది. ఆయిలు సీళ్ళు పాడై గేరుపెట్టెలోకి నీరు చేరిన తరువాత మేస్త్రి ట్రాక్టరు కంపెనీని తిడతాడు. తప్పు ఎక్కడున్నదో మీటల పాఠం చదివిన ఏడవతరగతి పిల్లవాడు చెప్పగలడు. పొడిదుక్కి రోజులలో టైర్లలో నింపిన నీటిని దమ్ముకు ముందు తీసివేయకపోవడం కూడ ఈ కోవలోనిదే.

రెండవ లోపం నేలకు సంబంధించినది. వరిచేనులో అడుగున గట్టిపడిన పొర ఏళ్ళ తరబడి దమ్ము చేయగా ఏర్పడినది. పైన నీటిని నిలిపేదీ అదే, యంత్రాన్ని మోసేదీ అదే. పొడవాటి ఆకులు, ఎక్కువ బరువు కలిసి ఆ పొరను ఏటేటా కొంచెం కొంచెం తినివేస్తే, నీరు ఇంకిపోవడం పెరుగుతుంది. తరువాతి ఏడు అదే చోట యంత్రం ఇంకా లోతుకు దిగుతుంది. దిగినందుకు రైతు మరింత పొడవైన ఆకులు వేయిస్తాడు. రోగమే మందు అడుగుతున్నది! దమ్ము ఎంత మెత్తగా ఉంటే అంత మేలన్నది కూడ పూర్తి నిజం కాదు. మట్టి కట్టడాన్ని పూర్తిగా పాడుచేస్తే, వరికోతల వేళ జల్లే మినుము, పెసర వేళ్ళకు ఆ నేల ఎండి బిగిసిపోయి ఇబ్బంది చేస్తుంది.

రోడ్డు సంగతి అందరికీ తెలిసినదే కాబట్టి ఎక్కువ చెప్పనక్కరలేదు. రబ్బరు టైరు నేలమీద వేసే పీడనం సుమారు దాని లోపలి గాలి పీడనమంత, అనగా 100 కిలోపాస్కళ్ళు. ఒక చక్రంమీద 7,500 న్యూటన్లు పడుతూ, అది ఒక సెంటీమీటరు మందం, 30 సెంటీమీటర్ల పొడవున్న ఒకే ఆకుమీద ఆనితే పీడనం 2,500 కిలోపాస్కళ్ళు. పాతిక రెట్లు! ఏటా అధికారులు హెచ్చరించడం, జరిమానాలు వేయడం, తారురోడ్డుమీద అచ్చులు పడటం మూడూ జరుగుతూనే ఉన్నాయి. బోల్టులు విప్పి చక్రాలు ట్రక్కులో వేసుకొని పోవచ్చును కదా అంటే, ఒక్కొక్క చక్రానికి అరగంట పని. ఆ అరగంటను రెండు నిమిషాలకు తగ్గించే కొక్కెం కనిపెట్టడం షెడ్డులవారి చేతిలో ఉన్న పని. జరిమానాకన్న అది రోడ్డును బాగా కాపాడుతుంది.

మూడవ లోపం ప్రాణాలు తీసేది. దీనికి కారణం చక్రం కాదు, చక్రం గురించిన తప్పు అవగాహన. ట్రాక్టరు దిగబడినప్పుడు వెనుక చక్రాలకు అడ్డంగా దుంగను గొలుసుతో కట్టి, తక్కువ గేరులో ముందుకు లాగించడం పల్లెలలో కనబడే ఉపాయం. ఇంజను చక్రాన్ని ముందుకు త్రిప్పుతున్నదంటే, న్యూటను మూడవ నియమం ప్రకారం చక్రం బండి శరీరాన్ని వెనక్కు త్రిప్పుతున్నదన్నమాట. చక్రం తిరగగలిగినంతసేపు ఈ సంగతి బయటపడదు. దుంగ కట్టి చక్రాన్ని కదలకుండా చేస్తే, తిరగవలసినది బండి శరీరమే. ఇంజను బలభ్రామకం 150 న్యూటన్-మీటర్లు, తక్కువ గేరులో మొత్తం పళ్ళనిష్పత్తి 150 అనుకుంటే ఇరుసు దగ్గర 22,500 వస్తుంది. ముందుభాగాన్ని క్రిందికి అదిమి ఉంచేది ట్రాక్టరు బరువు. గురుత్వకేంద్రం వెనుక ఇరుసుకు 75 సెంటీమీటర్లు ముందున్నదనుకుంటే, దాని బలభ్రామకం 20,000 × 0.75, అనగా 15,000. గెలిచేది ఇంజనే. ముందు చక్రాలు లేస్తాయి. అవి లేచినకొద్దీ గురుత్వకేంద్రం ఇరుసు పైకి జరుగుతుంది, అడ్డుకునే బలం తగ్గుతుంది. తిరిగిరాని స్థితికి చేరడానికి ఒక సెకను కూడ పట్టదు. క్లచ్చి త్రొక్కాలని తోచేలోపల ట్రాక్టరు నడిపేవానిమీద పడుతుంది.

ఇక్కడ గమనించదగిన విశేషం ఒకటి ఉన్నది. దుంగ కట్టనంతవరకు బురదే అతనిని కాపాడుతున్నది. చక్రం జారడం విద్యుత్ ఫ్యూజు కాలడం వంటిది. పట్టు కొంత దాటగానే బురద తెగిపోయి, ఇరుసు దగ్గర బలం 15,000కు చేరనివ్వదు. దుంగ కట్టినవాడు ఫ్యూజు తీసి లావు తీగ పెట్టినట్లే. సరియైన పద్ధతి వెనక్కు రావడం. రివర్సు గేరులో తిరుగుడు దిశ మారుతుంది, ముందుభాగం పైకి లేవక క్రిందికి నొక్కుకుంటుంది. అప్పటికీ రాకపోతే చక్రాల చుట్టూ బురద త్రవ్వి, ఇరుసు ఎత్తుకన్న దిగువన గొలుసు తగిలించి మరొక ట్రాక్టరుతో లాగించాలి. నడిపేవాని తలపై బలమైన ఇనుప చట్రం ఉండాలని స్వీడన్ 1959లోనే కొత్త ట్రాక్టర్లకు నిబంధన చేసి, అనేక ప్రాణాలు కాపాడినది. దమ్ముచక్రాలకు క్వింటాలు ఇనుము ఖర్చుచేసే షెడ్డు, నడిపేవాని నెత్తిన నాలుగు గొట్టాలు నిలబెట్టదు. ఎండకు గుడ్డ కట్టే సన్నటి కమ్మీలు మాత్రం ఉంటాయి.

ఇంటి షెడ్డులో పందెపు బండి కట్టదలచిన యువకునికి కూడ ఈ లెక్కలే వర్తిస్తాయి. చట్రం ఎత్తు చేసినకొద్దీ గురుత్వకేంద్రం లేస్తుంది. బండి సులభంగా బోర్లపడుతుంది. మరో చిక్కు చట్టం. వాహనాన్ని తయారీదారు ఇచ్చిన నమూనాకు భిన్నంగా మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడ ఆ మాటే నొక్కి చెప్పినది. కాబట్టి అట్టి బండి సొంత పొలం దాటి రోడ్డెక్కరాదు.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చూపడానికి ట్రాక్టరు అక్కరలేదు. ఒక వెడల్పాటి పళ్ళెంలో చేనుమట్టి గంజివలె కలిపి, రేకు డబ్బాతో రెండు చక్రాలు చేయాలి: ఒకటి నున్ననిది, మరొకటి ఆకులతో బోలుగా ఉన్నది. ఇరుసుకు చుట్టిన దారానికి తూకపు రాళ్ళు కట్టి, ఎంత బలానికి చక్రం మట్టిని తెంచుకొని ఊరకే తిరుగుతుందో గుర్తించాలి. తరువాత ఇరుసుమీద బరువు రెట్టింపు చేసి మళ్ళీ చూడాలి. పళ్ళెంలో మట్టికి బదులు పొడి ఇసుక పోసి మూడవసారి చూడాలి. ఇసుకలో బరువు పని చేస్తుంది, గంజిలో చేయదు. మరునాడు చేను గట్టున, అంగుళాల గుర్తులు పెట్టిన ఇనుప చువ్వను ఒకే ఎత్తునుండి పదిచోట్ల వదిలి, ఎక్కడ ఎంత దిగుతున్నదో పిల్లలచేత పటం గీయించవచ్చును. ఆ పటంలో చువ్వ లోతుగా దిగిన చోట్లేవో, కిందటి సార్వాలో ట్రాక్టరు దిగబడిన చోట్లేవో రైతును అడిగి సరిచూచుకోవడం మిగిలిన పని.